బియ్యం బస్తానా, నెలనెలా చందానా, సొంత ట్రస్టా? శ్రీకాకుళం, విజయనగరం సేవా సంస్థలకు ఏది ఇస్తే నిలబడతాయి

"ఊరికి ఏదో ఒకటి చేద్దామనుకుంటున్నాను, ఏ సంస్థకి ఇస్తే మంచిదంటారు?" అని అడిగేవాళ్లు ఏటా పెరుగుతున్నారు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు కొందరు, నాన్నగారి సంవత్సరీకం దగ్గరపడ్డాక కొందరు, మార్చిలో ట్యాక్స్ గుర్తొచ్చి ఇంకొందరు. చిన్న సంస్థల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ ప్రశ్న నా దాకా వస్తుంటుంది. ఏ సంస్థ అన్నది తర్వాత చూద్దాం, ముందు ఏ రూపంలో ఇస్తారో తేల్చుకోండి అంటాను. ఎందుకంటే నేను చూసినంతలో మన రెండు జిల్లాల్లో చిన్న సంస్థలు చతికిలపడేది అన్నానికి కొదవై కాదు. జీతాలు ఇవ్వలేక, కాగితాలు టైముకి పెట్టలేక.

సరుకు ఇవ్వడమా, డబ్బు ఇవ్వడమా

జనానికి ఇష్టమైనది సరుకే. పుట్టినరోజుకి ఒక పూట భోజనం, పది దుప్పట్లు, నాలుగు బియ్యం బస్తాలు, ఒక ఫొటో. కళ్లముందు కనబడుతుంది, మధ్యలో ఎవరూ తినేశారన్న అనుమానం ఉండదు. కానీ ఆమదాలవలస వైపు ఒక వృద్ధాశ్రమం స్టోర్ గదిలోకి తొంగిచూస్తే సంగతి వేరేగా ఉంటుంది. గోడవారగా నడుమెత్తు బియ్యం బస్తాలు, అడుగున ఉన్నవాటికి అప్పటికే పురుగు పట్టేసింది. పక్కన కవర్లు కూడా విప్పని దుప్పట్లు. మూలన ఎవరో దాత ఇచ్చిన నీళ్ల ఫిల్టర్, క్యాండిల్ మార్చడానికి డబ్బుల్లేక ఏడాదిగా అలాగే ఉంది. వంట చేసే ఆవిడని కదిపితే, "బియ్యానికేటి బాబూ, ఉన్నాయి. గేస్ బండకే తడుముకుంటన్నాం" అంది. రాత్రి కాపలా ఉండే మనిషికి రెండు నెలల జీతం బాకీ. దానికి చందా ఇచ్చేవాడెవడు? కాపలా మనిషి జీతంతో ఫొటో రాదు కదా.

ఇంకో చిక్కు, అందరికీ అవే తేదీలు కావాలి. ఆగస్టు 15కి, అక్టోబరు 2కి, పేరున్న నాయకుడి పుట్టినరోజుకి ఒకే ఆశ్రమానికి ముగ్గురు నలుగురు ఫోన్లు చేస్తారు. వర్షాకాలంలో మామూలు మంగళవారానికి ఒక్కరూ ఉండరు. సరుకే ఇవ్వాలని మనసులో గట్టిగా ఉంటే కనీసం ముందు ఫోన్ చేసి "ఈ నెల మీకు ఏది తక్కువైంది?" అని అడగండి. పెద్దవాళ్ల డైపర్లు, బీపీ మాత్రలు, ఇన్వర్టర్ బ్యాటరీ లాంటి జవాబులు వస్తాయి. అవి కొనిపెట్టండి, బియ్యం కంటే నయం.

ట్యాక్స్ కోసం ఆలోచించేవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. వస్తువు రూపంలో ఇచ్చినదానికి 80జి మినహాయింపు (విరాళాలకి ఆదాయపన్నులో ఇచ్చే తగ్గింపు) లేదు. నగదైతే 2,000 రూపాయలు దాటితే లేదు. చెక్కు, యూపీఐ, బ్యాంకు బదిలీ అయితేనే లెక్కలోకి వస్తుంది.

తుఫాను సంగతి కొంచెం వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. అలాంటప్పుడు మొదటి నాలుగైదు రోజులు టార్పాలిన్లు, తాగునీళ్లు, కొవ్వొత్తులు, రొట్టెలు నిజంగానే కావాలి, అప్పుడు సరుకే ఇవ్వాలి. ఆ తర్వాత కూడా పాత బట్టల మూటలు లారీల్లో ఎక్కించి పంపేవాళ్లు ఉంటారు, వాటిని దింపి, ఏరి, పంచడానికే స్థానిక కుర్రాళ్ల పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో ఆ ఇంటి పిల్లల ఫీజులకి, కొత్త మొక్కలకి కావాల్సింది డబ్బు. వార్తల్లోంచి తుఫాను పోయిన ఆరో నెలలో ఇచ్చే పదివేలు, మొదటి వారంలో ఇచ్చే పదివేల కంటే ఎక్కువ పనిచేస్తాయని నా లెక్క.

ఉద్దానం కిడ్నీ జబ్బు విషయంలోనూ దాతలు ఇలాగే ఒక పక్కకే చూస్తుంటారు. డయాలసిస్ యంత్రం కొనిద్దామని అడుగుతారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలైంది, డయాలసిస్ రోగులకు ప్రభుత్వం నెలకు 10,000 పింఛను కూడా ఇస్తోంది. యంత్రం ఉన్నా దాని దగ్గరికి వెళ్లడం ఉంటుంది కదా. వారానికి రెండు మూడు సార్లు కవిటి నుంచో, మందస నుంచో వెళ్లిరావాలి, తోడు మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. ఆటో ఛార్జీలు భరించే, మందులు అయిపోకుండా చూసే చిన్న సంస్థకి యంత్రం వద్దు, నెల ఖర్చు కావాలి.

ఒకేసారి పెద్ద మొత్తమా, నెలనెలా చిన్న మొత్తమా

లక్షా ఇరవై వేలు ఒక్కసారి ఇచ్చి గదికి పేరు పెట్టించుకోవడం ఒక దారి. ఇరవైమంది కలిసి తలా 500 నెలనెలా ఇవ్వడం ఇంకో దారి. ఏడాదికి మొత్తం అదే. కానీ మొదటిదాంతో గది వస్తుంది, రెండోదాంతో ఒక టీచరమ్మో, వార్డెనో ఏడాదంతా నిలుస్తారు. మన దగ్గర గదులకి లోటు లేదు. శిలాఫలకంతో సహా తాళం వేసి ఉన్న గదులు చాలానే చూస్తాం, అందులో కూర్చునే మనిషికే జీతం ఉండదు. కాబట్టి ఈ పోలికలో నేను మొహమాటం లేకుండా నెలవారీ చందా వైపే. అందులోనూ "ఇది ఫలానాదానికే వాడాలి" అనే షరతు పెట్టకండి. షరతు లేని వెయ్యి రూపాయలు కరెంటు బిల్లుకి, బస్సు ఛార్జీకి, ఆడిటర్ ఫీజుకి, దేనికి కావాలంటే దానికి వాడుకోవచ్చు. అసలు ఖర్చులన్నీ అవే.

బ్యాంకులో నెలవారీ ఆటో డెబిట్ పెట్టేయండి. ప్రతి నెలా కార్యదర్శి మీకు ఫోన్ చేసి గుర్తుచేయాల్సి వస్తే అది ఆయనకి టెన్షన్, మీకు విసుగు, మూడో నెలకి మీరు ఫోన్ ఎత్తరు.

పెద్ద మొత్తమే ఇవ్వాల్సి వస్తే, పొలం అమ్మిన డబ్బో, రిటైర్మెంట్ డబ్బో అయితే, మార్చి చివర్లో ఇవ్వకండి. పన్ను మినహాయింపు పొందే సంస్థ ఆ ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదిలోనే ఖర్చు పెట్టాలి, లేదా ఫలానా పనికోసం దాచుకుంటున్నామని గడువులోగా ఫారం పెట్టాలి. మార్చి 28న పది లక్షలు పడితే చిన్న సంస్థ ఏం చేస్తుంది? కంగారుగా ఖర్చు చేస్తుంది, లేదా ఫారం మర్చిపోయి నోటీసు తెచ్చుకుంటుంది. ఏప్రిల్లో ఇవ్వండి, ఏడాది చేతిలో ఉంటుంది. లేదా "ఇది కార్పస్ నిధికి, వడ్డీ మాత్రమే వాడుకోండి" అని రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా చెబితే ఆడిట్‌లో చెల్లదు.

పెద్ద సంస్థా, చిన్న సంస్థా

రెడ్‌క్రాస్ జిల్లా శాఖల్లాంటివి, రాజాం దగ్గర జీఎంఆర్ వరలక్ష్మి ఫౌండేషన్ లాంటి కంపెనీ ఫౌండేషన్లు ఒక రకం. వీటికి వ్యవస్థ ఉంది, లెక్కలు ఉన్నాయి, మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా నడుస్తాయి. రక్తం ఇవ్వాలంటే కళ్లు మూసుకుని రెడ్‌క్రాస్‌కి వెళ్లండి, అందులో పోలికలు అక్కర్లేదు. కొత్తవలస దగ్గర మంగళపాలెంలో కృత్రిమ కాళ్లు తయారుచేసి ఇచ్చే గురుదేవ ట్రస్టు లాంటివి మధ్యరకం. ఒకే పని, ఎన్నో ఏళ్లుగా, ఎవరికి ఏం ఇచ్చారో కళ్లకు కనిపిస్తుంది.

నా దృష్టి మాత్రం మూడో రకం మీద. సీతంపేట ఏజెన్సీలో సవర పిల్లలకి సాయంత్రం చదువు చెప్పే ముగ్గురు, మత్స్యకార పల్లెలో మానసిక వైకల్యం ఉన్న పిల్లల డేకేర్, మండల కేంద్రంలో ఒక గ్రంథాలయం, ఇలాంటివి. మీ వెయ్యి రూపాయలకి తేడా తెలిసేది ఇక్కడే. కాగితాలు వంకరటింకరగా ఉండేదీ ఇక్కడే.

ఏం చూడాలంటే, ముందు రసీదు పుస్తకం అడగండి. రసీదు మీద వరుస నంబరు, రిజిస్ట్రేషన్ నంబరు, పాన్, 80జి ఉంటే దాని నంబరు అచ్చువేసి ఉండాలి, కార్బన్ కాపీ పుస్తకంలోనే ఉండిపోవాలి. ఆ పుస్తకం చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. మధ్యలో నంబర్లు లేకపోయినా, కాపీలో అంకె దిద్ది ఉన్నా ఆగి అడగండి. తర్వాత గత రెండేళ్ల ఆడిట్ రిపోర్టు. డబ్బు వ్యక్తి ఖాతాకి, ఆయన ఫోన్‌పే నంబరుకి వేయమంటే వేయకండి, ఆయన ఎంత మంచివాడైనా సరే. సంస్థ పేరుతో ఖాతా ఉండాలి, ఇద్దరి సంతకాలతో నడవాలి. నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్లో పేరు ఉంటే మంచిదే, కానీ అది నమోదు మాత్రమే, నిజాయితీకి హామీ కాదు.

ఒక చిన్న సంగతి, బయటివాళ్లు దీనికి కంగారు పడుతుంటారు. రిజిస్ట్రేషన్ పత్రం మీద శ్రీకాకుళం జిల్లా అని, ఆఫీసు చూస్తే విజయనగరం జిల్లా రాజాంలోనో, పార్వతీపురం మన్యం జిల్లా పాలకొండలోనో ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి, పాత కాగితాలు పాత జిల్లా పేరుతోనే ఉన్నాయి. అందులో మోసం లేదు.

80జి గడువు దాటిపోయిందంటే కూడా వెంటనే దొంగ సంస్థ అనుకోకండి. 2021 నుంచి పాత రిజిస్ట్రేషన్లన్నీ మళ్లీ కొత్తగా చేయించుకోవాల్సి వచ్చింది, కొత్త సంస్థలకైతే మొదట తాత్కాలికం, తర్వాత పక్కాది, అన్నీ ఇంగ్లిష్‌లో ఆన్‌లైన్ ఫారాలు. పిల్లలకి అన్నం వండే మనిషి దాన్ని మిస్సయ్యాడంటే ఆశ్చర్యమేముంది. ఆ సంస్థకి మీరిచ్చే మొదటి చందా ఆడిటర్ ఫీజుగా ఇవ్వండి.

మీరెవరో కూడా చూసుకోవాలి

జీతగాళ్లు: కొత్త పన్ను విధానంలో ఉంటే మీకు 80జి ప్రయోజనమే లేదు, కాబట్టి ఆ సర్టిఫికెట్ కోసం చిన్న సంస్థని వదులుకోవడంలో అర్థం లేదు. పాత విధానంలో ఉన్నా లెక్క వేసుకోండి. ఎక్కువ సంస్థల విషయంలో ఇచ్చినదాంట్లో సగానికే మినహాయింపు, దానికీ ఆదాయంలో 10 శాతం పరిమితి. పదివేలు ఇచ్చి 20 శాతం శ్లాబులో ఉంటే మీకు మిగిలేది సెస్సుతో కలిపి 1,040 రూపాయలు. ఆ మాత్రానికి జీవితకాల నిర్ణయాలు చేయనక్కర్లేదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లు, అమెరికాలో ఉన్నవాళ్లు: ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తున్నారు. ఇచ్ఛాపురం, సోంపేట, కవిటి నుంచి కువైట్, దుబాయ్ వెళ్లినవాళ్లది భారత పాస్‌పోర్టే. వాళ్లు తమ సంపాదన బ్యాంకు ద్వారా ఊరి సంస్థకి పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు, నిశ్చింతగా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నవాళ్లు ఇస్తే మాత్రం అది విదేశీ విరాళమే, పుట్టింది టెక్కలిలో అయినా సరే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో ఉన్న సంస్థే తీసుకోవాలి, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఆ రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకి మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో తన పనుల మీద కనీసం 15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. చిన్న సంస్థకి అది అందని ద్రాక్షే. 2020 సవరణ తర్వాత ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న పెద్ద సంస్థ ఆ డబ్బుని చిన్న సంస్థకి బదిలీ చేయడానికీ లేదు. "నాన్న ఖాతాకి పంపిస్తాను, ఆయన ఇస్తారు" అనే అడ్డదారి చాలామంది చెబుతారు. వద్దు. రేపు ప్రశ్న వస్తే మెడకి చుట్టుకునేది మీకు కాదు, ఇక్కడున్న కార్యదర్శికి. మీరు ఓసీఐ అయితే ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థకి నేరుగా ఇవ్వండి, ఊరి చిన్న సంస్థకి మీ సమయం ఇవ్వండి. దాని సంగతి కింద చెబుతాను.

సొంత ట్రస్టు పెట్టాలనిపిస్తే

తాతగారి పేరుతో ట్రస్టు పెడదామన్న ఆలోచన మంచి మనసుతోనే వస్తుంది, కానీ పదిమందిలో తొమ్మిదిమందికి నేను వద్దనే చెబుతాను. ఉన్న సంస్థలోనే తాతగారి పేరుతో ఒక స్కాలర్‌షిప్ పెట్టించండి, పేరూ ఉంటుంది, మీకు ఆడిట్ గోలా ఉండదు. ఒక మండలంలో ఒకే పనిచేసే నాలుగు ట్రస్టులు, ఏ ఒక్కదానికీ జీతంతో ఉన్న మనిషి లేకపోవడం, ఇదీ ప్రస్తుతం మన పరిస్థితి.

అయినా పెట్టాల్సిందే అంటే మూడు దారులు. ట్రస్టు సులువు. దస్తావేజు రాయించి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తే సరి, ఇద్దరు ట్రస్టీలతోనైనా నడుస్తుంది. స్థలమో, ఇల్లో శాశ్వతంగా ఒక పనికి అంకితం చేయాలంటే ఇదే సరైనది. విజయనగరంలో రాజకుటుంబం 1958లో పెట్టిన మాన్సాస్ ట్రస్టు ఇప్పటికీ విద్యాసంస్థలు నడుపుతోంది, అంటే ఈ రూపం తరాలు తట్టుకుంటుంది. అయితే తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలన్న గొడవ కోర్టు దాకా వెళ్లడం కూడా అక్కడే చూశాం. దస్తావేజులో వారసత్వం సంగతి వకీలుతో ఒకటికి రెండుసార్లు చదివించుకోండి.

సొసైటీకి ఏడుగురు కావాలి, ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం 2001 ప్రకారం. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టాలి, కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కి పంపాలి. ఊరి గ్రంథాలయం, పూర్వ విద్యార్థుల సంఘం లాంటి పదిమంది పనికి ఇదే బాగుంటుంది. గొడవలు పడతారు, నిజమే, కానీ అధ్యక్షుడిని మార్చే దారి ఉంటుంది. ఏడుగురిలో నలుగురు పేరుకే ఉంటే మాత్రం రెండేళ్లలో జాబితా పంపడం ఆగిపోతుంది, తర్వాత బ్యాంకు సంతకాలు మార్చుకోవడానికీ నానా తంటాలు.

సెక్షన్ 8 కంపెనీ అంటే కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేని కంపెనీ. బయటి దాతలకి గురి ఎక్కువ. కానీ ఏటా ఆడిట్, రెండు వార్షిక ఫారాలు తప్పనిసరి, ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. ఒక్క ఏడాది మర్చిపోతే ఊళ్లో లైబ్రరీకి వచ్చిన చందా మొత్తం జరిమానాకే పోతుంది. ఏడాదికి పాతిక ముప్ఫై లక్షల పని ఉంటే తప్ప దీని జోలికి వెళ్లకండి.

కంపెనీల డబ్బు

పైడిభీమవరం ఫార్మా కంపెనీలున్నాయి కదా, బొబ్బిలి పారిశ్రామికవాడ ఉంది కదా, సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం ఖర్చు చేయాల్సిన డబ్బు) అడిగితే పోలా అంటారు. నికర లాభం 5 కోట్లు దాటినా, టర్నోవర్ 1,000 కోట్లు దాటినా, నికర విలువ 500 కోట్లు దాటినా కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి, చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. అయితే పనిచేసే సంస్థకి 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే నమోదు), 80జి, మూడేళ్ల అనుభవం, సీఎస్ఆర్ పనులకోసం చేయించుకునే సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి. అవన్నీ ఉన్నా డబ్బు విడతలుగా వస్తుంది, ప్రతి విడతకీ ఫొటోలు, బిల్లులు, వినియోగ ధ్రువపత్రం. లెక్కలకి మనిషి లేని సంస్థ దీంట్లోకి దిగితే పిల్లల పని పక్కకి పోయి రిపోర్టుల పని మిగులుతుంది. ముందు నెలవారీ చందాలతో ఒక అకౌంట్స్ కుర్రాడిని పెట్టుకుని, మూడు ఆడిట్లు శుభ్రంగా చేయించుకుని, అప్పుడు వెళ్లమంటాను.

డబ్బు కాకుండా పని ఇవ్వడం

మన జిల్లాల్లో రిటైరైన టీచర్లకి, బ్యాంకు ఉద్యోగులకి లోటు లేదు. బెంగళూరులో, డల్లాస్‌లో ఆన్‌లైన్‌లో గంట కూర్చోగల పిల్లలకీ లోటు లేదు. వారానికోసారి వచ్చి పిల్లలకి ఇంగ్లిష్ చెబుతామంటారు, మూడు వారాలు వస్తారు, పరీక్షలు రాగానే మానేస్తారు, పిల్లలు ఎదురుచూస్తుంటారు. దానికంటే కాగితాల పని ఎత్తుకోండి. ఓచర్లు ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం, కార్యవర్గం మీటింగు మినిట్స్ రాయడం, గడువు తేదీలు గుర్తుచేయడం. ముఖ్యంగా దాతల వివరాల ఫారం 10బీడీ, మే 31 లోగా పెట్టాలి, ఆలస్యమైతే రోజుకి 200 రూపాయలు. అది పెడితేనే దాతకి పన్ను మినహాయింపుకి చూపించే 10బీఈ సర్టిఫికెట్ వస్తుంది, రాకపోతే వచ్చే ఏడాది ఆ దాత రాడు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారతాయి. ఏది దేనికి బదులో ఆడిటర్ దగ్గర ఒక కాగితం మీద రాయించుకుని ఆఫీసు గోడకి అంటించండి.

ఈ పని మొదలుపెట్టేది ఏప్రిల్లోనే, పాత ఏడాది బిల్లులు ఇంకా కవర్లో ఉన్నప్పుడే. సెప్టెంబరులో వెళితే సగం బిల్లులు దొరకవు, మిగతా సగం మీద అంకెలు చెరిగిపోయి ఉంటాయి.

చివరగా ఎప్పుడు ఆపాలో. ఏడాది లెక్క అడిగితే మొదటిసారి "ఆడిటర్ దగ్గర ఉంది" అంటారు, పర్వాలేదు. రెండో ఏడాది కూడా అదే జవాబు వస్తే నెలవారీ చందా ఆపేసి, ఎందుకు ఆపారో కార్యదర్శికి ఒక ముక్క రాయండి. చెప్పాపెట్టకుండా ఆపేస్తే ఆ నెల జీతం ఎవరికి ఆగిందో మీకు తెలియదు.